అమరావతిలో కొన్న టిబెటన్ గంట మీద ఆ ముఖం ఎవరిది?

గుంటూరు కారం:
2006 జనవరిలో అమరావతిలో దలైలామా జరిపిన కాలచక్ర అనే బౌద్ధ దీక్షా ఉత్సవానికి వెళ్లినప్పుడు నాన్న టిబెటన్ల దగ్గర ఒక కంచు గంట కొన్నారు. అప్పటినుంచీ మా పూజ గదిలోనే ఉంది. మొన్న అమ్మ చింతపండు వేసి గట్టిగా తోమితే పిడి మీద నల్లగా పేరుకున్న జిడ్డు పోయి, ఆడమనిషి ముఖం కనబడింది! ఏ అమ్మవారైతేనేంలే అని అమ్మ బొట్టు కూడా పెట్టేసింది. మన గంటలకైతే పైన నందో గరుత్మంతుడో ఉంటాడు, దీనికేమో పిడికిలి ముడిచినట్టు కొమ్ములున్నాయి. గంట పైభాగం చుట్టూ తామర రేకులు, ఒక్కో రేకులో ఒక్కో అక్షరం. వాటి కింద కోరల ముఖాలు, నోట్లోంచి వేలాడే ముత్యాల దండలు. ఇవన్నీ ఏంటి? రోజూ పూజలో వాడచ్చా?

మైసూరు తెలుగోడు:
ఆ ముఖం ప్రజ్ఞాపారమితది, అంటే బౌద్ధుల జ్ఞాన దేవతది. మైసూరు దగ్గర టిబెటన్లుండే బైలకుప్పె మఠంలో ఇలాంటివి చాలా చూశాను. ఈ గంటని టిబెటన్లు డ్రిల్బు అంటారు. పైన కొమ్ములు సగం వజ్రం (రాయి కాదు, ఇంద్రుడి వజ్రాయుధం లాంటిది). పూర్తి వజ్రం, అంటే దోర్జే, విడిగా ఉంటుంది. లామాలు దాన్ని కుడిచేత్తో, గంటని ఎడమచేత్తో పట్టుకుంటారు. గంట ప్రజ్ఞ, వజ్రం కరుణతో కూడిన ఉపాయం. ఒకటి లేకుండా రెండోది ఉండదు. మన పూజారులు కూడా కుడిచేత్తో హారతి ఇస్తూ ఎడమచేత్తోనే గంట వాయిస్తారు కదా, నాకు అదే గుర్తొస్తుంది. రేకులు లెక్కపెట్టండి, ఎనిమిది ఉండాలి. అవి బీజాక్షరాలు. కోరల ముఖాలు మన గుడి తోరణాల మీద ఉండే కీర్తిముఖాలే, భయపడక్కర్లేదు. ఇంతకీ నాన్నగారు ఒక్క గంటే కొన్నారా?

పాత నాణెం:
బుద్ధుడు కాలచక్రం బోధించింది ధాన్యకటకంలోనే, అంటే ఇప్పటి అమరావతి దగ్గరే, అని టిబెటన్ల నమ్మకం. అంటే మీ గంట సరైన చోటే కొన్నారు. చైనాలో యోంగ్లె చక్రవర్తి కాలంలో (1403–24) చేసిన ఇలాంటి గంటలు, వజ్రాలు ఇప్పుడు మ్యూజియాల్లో ఉన్నాయి, ఆయన పేరు కూడా చెక్కి ఉంటుంది. మీది ఆ బాపతు కాదులెండి, ఆశ పెట్టుకోకండి. కానీ చింతపండు మాత్రం ఇక ఆపండి, చెక్కడం అరిగిపోతుంది.

గుంటూరు కారం:
లెక్కపెట్టాం, ఎనిమిదే. బొట్టు తీయనంటోంది అమ్మ. దోర్జే కూడా కొన్నారట. చిన్నప్పుడు నేను దాంతో బాదంకాయలు కొట్టేవాణ్ణట! అటక మీద వెతుకుతున్నాం.