అప్‌డేట్: మా పాప ఇంగ్లిష్ పదాల సంగతి

కావలిలో ఆరో తరగతి చదివే మా పాపకి పెద్ద ఇంగ్లిష్ పదాలు బట్టీ పట్టినా నిలవడం లేదని, వేరే దారుందా అని అడిగాను కదా. మీరు చెప్పినట్టే పదాన్ని ముక్కలు చేసి చూపిస్తున్నా. ముందు ‘పోర్ట్’ తీసుకున్నాం. లాటిన్‌లో మోయడం అని అర్థం. ఇంపోర్ట్ అంటే లోపలికి, ఎక్స్‌పోర్ట్ అంటే బయటికి. మొన్న ఒంగోలు వెళ్తుంటే రొయ్యల కంపెనీ బోర్డు మీద ‘ఎక్స్‌పోర్ట్స్’ చూసి అర్థం తనే చెప్పింది. ఎంత సంతోషమేసిందో!

పదం ముందు చేరే ముక్కల్లో ‘అన్’, ‘రీ’ తేలిగ్గా వచ్చేశాయి. ‘కాదు’ అనే అర్థమిచ్చే ‘ఇన్’ దగ్గరే చిక్కు. ‘ఇంపాసిబుల్’లో ఎం ఎందుకొచ్చిందని పట్టుకుంది. పి, బి, ఎం పలకాలంటే పెదాలు మూయాలి, అందుకే ముందున్న ఎన్ కూడా ఎం అయిపోతుందని పలికించి చూపించాను. ఎల్ ముందు ‘ఇల్లీగల్’, ఆర్ ముందు ‘ఇర్రెగ్యులర్’ తనే పట్టేసింది. సఫిక్సులు, అంటే పదం చివర చేరే ముక్కలు, దసరా సెలవుల్లో మొదలుపెడతాం.