ఓట్ల కోసం మారిన మాటను నమ్మొచ్చా?

వెన్నెల: అమెరికాలో స్వలింగ జంటల పెళ్లిపై అభ్యర్థులు మాట మార్చిన తీరు చూస్తే నాకు కోపం వస్తుంది. ఒబామానే తీసుకోండి. 1996లో ఇల్లినాయ్ సెనేట్‌కు పోటీ చేస్తూ, ఇలాంటి పెళ్లిళ్లను చట్టబద్ధం చేయాలని ఒక పత్రికకు రాసి సంతకం పెట్టి మరీ ఇచ్చారు. 2008లో అధ్యక్ష పదవికి నిలబడి, పెళ్లంటే స్త్రీ పురుషుల మధ్యే అన్నారు. 2012 మేలో మళ్లీ అనుకూలం. ఇందులో ఏది మనసులో మాట?

గోదారిగట్టు: మారినవాళ్లను తిడితే ఇంకెవరూ మారరండీ. ఒహాయో రిపబ్లికన్ రాబ్ పోర్ట్‌మన్ 1996లో డోమాకు ఓటేశారు. స్వలింగ జంటల పెళ్లిని కేంద్రం గుర్తించకూడదన్న చట్టం అది. కొడుకు తాను గే అని చెప్పాక ఆలోచించి, 2013లో బహిరంగంగా మద్దతిచ్చారు. అప్పటికి ఆయన పార్టీ సెనేటర్లలో ఇంకెవరూ ఆ మాట అనలేదు. దానికి ధైర్యం కావాలి.

వెన్నెల: తమ ఇంటిదాకా వస్తే గానీ తెలియదా? ఈడిత్ విండ్సర్ సంగతి చూడండి. థియా స్పయర్‌తో నలభై ఏళ్లకు పైగా కలిసి బతికారు. జబ్బుతో థియా కాళ్లూ చేతులూ పడిపోతే దగ్గరుండి చూసుకున్నారు. 2007లో టొరంటో వెళ్లి పెళ్లి చేసుకున్నారు. 2009లో థియా పోయాక ఈడిత్ కట్టాల్సి వచ్చింది 3,63,053 డాలర్ల ఎస్టేట్ టాక్స్, అంటే పోయినవారి ఆస్తిపై పన్ను. భర్త పోయిన భార్యకైతే ఆ పన్నే లేదు. డోమా లెక్కలో ఈడిత్, థియా ఒకరికొకరు ఏమీ కారు! అధ్యక్షుడిగా ఆ చట్టంపై సంతకం పెట్టిన బిల్ క్లింటన్, అది రాజ్యాంగ విరుద్ధమని 2013 మార్చిలో వ్యాసం రాశారు. అప్పటికి ఈడిత్ కేసు సుప్రీంకోర్టులో ఉంది.

గోదారిగట్టు: ఈడిత్ గారి కథ చదివితే నాకూ గుండె బరువెక్కుతుంది. కానీ ఆ కేసులోనే ఇంకో సంగతుంది. 2011 ఫిబ్రవరిలో, పెళ్లికి తాను అనుకూలమని ఇంకా చెప్పకముందే, ఒబామా ప్రభుత్వం కోర్టుల్లో డోమాను సమర్థించడం మానేసింది. 2013 జూన్ 26న ఆమె 5–4తో గెలిచారు. నేను మాట కన్నా ముందు చేతను చూస్తాను.

వెన్నెల: 2011 నిర్ణయం మంచిదే, ఒప్పుకుంటున్నా. నా బాధ అంతకు ముందు గడిచిన ఏళ్ల గురించి. 2004 నవంబర్‌లో ఒక్కరోజే 11 రాష్ట్రాల ఓటర్లు ఈ పెళ్లిళ్లను నిషేధించారు. అదే రోజు జరిగిన అధ్యక్ష ఎన్నికలో రిపబ్లికన్ అభ్యర్థి బుష్ వ్యతిరేకం. జంటలకు కొన్ని హక్కులుండాలన్న డెమొక్రాట్ అభ్యర్థి కెర్రీ కూడా పెళ్లి దగ్గరికొచ్చేసరికి వ్యతిరేకమే. ఇక ఆ ఓటరుకు రెండో మాట చెప్పిందెవరు?