మా లోగోతో టీషర్టులు అమ్ముతున్నారు: కాపీరైట్ దావా నిలుస్తుందా?

మా జిల్లా కబడ్డీ సంఘం లోగోకు ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రేషన్ ఉంది, కానీ క్రీడా కార్యక్రమాలకు వర్తించే 41వ తరగతిలోనే. ఒక వ్యాపారి అదే బొమ్మను టీషర్టులపై ముద్రించి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాడు. కింద ఉన్న స్థాపన సంవత్సరం మాత్రం చెరిపేశాడు. కూతకెళ్లే ఆటగాడి చేతి వంపు, చుట్టూ ఉన్న జంట గీతలు అచ్చం మావే. పిల్లలు అవి సంఘం జెర్సీలే అనుకుని కొంటున్నారు, మా బాధంతా అదే.

లీగల్ నోటీసు పంపి 30 రోజులైనా జవాబు లేదు. అమ్మకపు సైట్‌కు సర్టిఫికెట్ జతచేసి ఫిర్యాదు చేస్తే, దుస్తులు 25వ తరగతి కిందికి వస్తాయని తిప్పి పంపారు. 25వ తరగతికి టీఎం-ఎ (ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రేషన్ దరఖాస్తు) దాఖలు చేశాం, ఆన్‌లైన్ ఫీజు 9,000 రూపాయలు. ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో ప్రచురించాక అభ్యంతరాలకే 4 నెలలు ఆగాలి, ఈ సీజన్‌కు అందదు. వేరే రకం సరుకులపై వాడకాన్నీ అడ్డుకునే ట్రేడ్‌మార్క్ చట్టం సెక్షన్ 29(4) వాడాలంటే దేశంలో పేరుప్రతిష్ఠ చూపించాలి. జిల్లా లోగోకు అది కష్టం. ఒలింపిక్ వలయాలకైతే 1981 నైరోబీ ఒప్పందం అండగా ఉంది, మాలాంటి సంఘాలకు అదీ లేదు.

మిగిలింది కాపీరైట్. దానికి తరగతుల పేచీ లేదు. కానీ లోగో గీసిన బయటి డిజైనర్ నుంచి మా దగ్గర బిల్లు తప్ప హక్కుల బదిలీ పత్రం లేదు.

ఇప్పుడు ఆయనతో బదిలీ పత్రం రాయించుకుంటే, ఆ తేదీకి ముందు జరిగిన అమ్మకాలపై కూడా సంఘం వేసే దావా నిలుస్తుందా?