పడమటి కాన్సాస్‌లో చిన్న ఊళ్లో పాత ఇల్లు కొంటున్నాం, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

కొత్తచిగురు

నమస్తే అండి. మా ఆయనకి పడమటి కాన్సాస్‌లో ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో ఉద్యోగం ఖాయమైంది. ఊరి జనాభా రెండు వేలు దాటదు. కాన్రాడ్ 30 వెయివర్ (డాక్టర్ల కొరత ఉన్న చోట పనిచేస్తామంటే విదేశీ డాక్టర్లు స్వదేశానికి తిరిగి వెళ్లాలన్న షరతుకి ఇచ్చే మినహాయింపు) మీద వెళ్తున్నాం కాబట్టి మూడేళ్లు కదలడానికి లేదు. అద్దెకి ఒక్క ఇల్లూ దొరకలేదు, అందుకే కొనాలనుకుంటున్నాం.

1926లో కట్టిన రెండంతస్తుల ఇల్లు ఒకటి చూశాం. చెక్క నేల, పెద్ద వరండా, ధర 1,40,000 డాలర్లు. చూడగానే మనసు పడింది. కానీ బేస్‌మెంట్‌లోకి దిగితే తడిమట్టి వాసన. ఉత్తరం వైపు గోడకి మాత్రం కొత్తగా తెల్లరంగు వేశారు, తక్కిన మూడూ పాత సిమెంటు దిమ్మెలే. ఆ ఒక్క గోడ నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఊరికే కంగారు పడుతున్నానా?

గోధుమకంకి

కంగారు కాదమ్మా, చూడాల్సిన చోటే చూశారు. మేం మధ్య కాన్సాస్‌లో పదహారేళ్లుగా ఉంటున్నాం. ఇక్కడి బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు తీసి గోడని వదిలేస్తుంది. మళ్లీ వాన పడగానే ఆ సందులోకి నీళ్లు, మట్టి దిగి గోడని లోపలికి నెడతాయి. ఏళ్ల తరబడి ఇదే తంతు. నిలువుగా వెంట్రుకంత పగులుంటే పెద్దగా భయపడక్కర్లేదు. గోడ మధ్య ఎత్తులో, దిమ్మెల వరస వెంబడి అడ్డంగా పగులుంటే మాత్రం గోడ వంగుతోందన్నమాట. రంగు పగులుని కప్పుతుంది గానీ వంపుని కప్పలేదు. ఈ చివర నుంచి ఆ చివరకి పురికొస బిగించి పట్టుకోండి. మధ్యలో గోడకి ఒరుసుకుని చివర్లలో ఎడం కనిపిస్తే ఇక చెప్పేదేముంది.

మేం ఆ వంపు గమనించకుండానే కొన్నాం. మూడో ఏడు గోడకి ఉక్కు దూలాలు నిలబెట్టించాల్సి వచ్చింది, చేతిలో ఉన్నదంతా దానికే పోయింది. అసలు కారణం తర్వాత తెలిసింది. పైకప్పు మీద పడ్డ నీళ్లన్నిటినీ గట్టర్ గొట్టం సరిగ్గా ఆ గోడ మొదట్లోనే వదులుతోంది! ఆ గొట్టాన్ని ఆరడుగులు బయటికి పొడిగించి, గోడ పక్కన మట్టి పోసి వాలు ఇచ్చాకే తడి ఆగింది.

వాన పడ్డ మర్నాడు ఇంకోసారి వెళ్లి చూడండి. గోడ అడుగున తెల్లటి ఉప్పుపొడి ఉందా, అట్టపెట్టెల్ని నేల మీద కాకుండా ఇటుకల మీద పెట్టారా, గాలిలో తేమ లాగే డీహ్యుమిడిఫైయర్ ఆగకుండా తిరుగుతోందా చూసుకోండి. ఇంటి ఇన్‌స్పెక్టర్‌తో సరిపెట్టుకోకుండా స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలిపించండి. గోడలు బాగుచేసే కంపెనీలు ఉచితంగానే చూస్తామంటాయి, కానీ వాళ్లకి కావలసింది పని. ఇంజనీర్‌కి మీరిచ్చేది మాట చెప్పినందుకే.

ప్లాట్ ఒడ్డు

నెబ్రాస్కా నుంచి. ఆఫర్ పెట్టేలోపే ఇన్సూరెన్స్ కోట్ తీసుకోండి. ఇక్కడ వడగళ్లది పెద్ద లెక్క. గాలికి, వడగళ్లకి డిడక్టిబుల్ (నష్టంలో ముందు మనం పెట్టుకోవాల్సిన వాటా) చాలా పాలసీల్లో వేరుగా, శాతంలో ఉంటుంది. ఆ శాతం మీరు ఇల్లు కొన్న ధర మీద కాదు, ఇంటికి ఇచ్చిన కవరేజి మీద. పాత ఇల్లు చవగ్గా వస్తుంది గానీ కాలిపోతే మళ్లీ కట్టడానికి రెండింతలు పైనే అవుతుంది. 1,40,000కి కొన్న ఇంటికి 3,00,000 కవరేజి రాశారనుకోండి, 2 శాతం అంటే 6,000 డాలర్లు పెట్టుకున్నాకే వాళ్లు కదులుతారు. నాకు ఈ సంగతి వడగళ్లు పడ్డాక తెలిసింది.

పైకప్పు వయసు రాతపూర్వకంగా అడగండి. కప్పుకి పూర్తి ఖర్చు ఇస్తారా, వయసుకి తగ్గట్టు తరుగు తీసేసి ఇస్తారా అన్నది పాలసీలో వెతికి చదవండి. ఎప్పుడైనా కప్పు మార్చాల్సి వస్తే వడగళ్ల దెబ్బకి బాగా తట్టుకునే క్లాస్ 4 షింగిల్స్ (కప్పు పెంకులు) వేయించండి, కొన్ని కంపెనీలు ప్రీమియం తగ్గిస్తాయి. మురుగునీరు బేస్‌మెంట్‌లోకి ఎగదన్నితే మామూలు పాలసీలో రాదు, అది విడిగా చేర్పించుకోవాలి.

చెరువుగట్టు

ఎగదన్నడం అంటే గుర్తొచ్చింది. 1926 ఇల్లయితే వీధి దాకా మట్టిగొట్టాలే ఉండొచ్చు. అతుకుల్లోంచి చెట్ల వేర్లు దూరతాయి. గొట్టంలోకి కెమెరా పంపించి చూడమనండి. రేడాన్ (నేలలోంచి ఇంట్లోకి చేరే రేడియోధార్మిక వాయువు) పరీక్ష కూడా తప్పకుండా చేయించండి. కాన్సాస్, నెబ్రాస్కాల్లో ఇది ఎక్కువ. లీటరు గాలికి 4 పికోక్యూరీలు గానీ అంతకు మించి గానీ వస్తే, ఆ వాయువుని బయటికి పంపే గొట్టం, ఫ్యాన్ పెట్టించాలి. వాసనా రంగూ ఉండదు. పొగతాగడం తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి పెద్ద కారణం ఇదే, డాక్టరు గారికి నేను చెప్పక్కర్లేదు. పిల్లలుంటే 1978కి ముందు ఇళ్లలో సీసం రంగు సంగతీ చూసుకోండి.

తూరుపుగాలి

నేను వేరే మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. మూడేళ్ల తర్వాత ఊరు వదిలేస్తారంటే కొనకండి. ఆసుపత్రి వాళ్లనే ఇల్లు చూపించమని గట్టిగా అడగండి, డాక్టరు కావాలంటే ఆ పాటి చేస్తారు. మా ఇల్లు అమ్ముడుపోవడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలలూ రెండు ఇళ్ల వాయిదాలు కట్టాం.

లోను విషయం కూడా. ఊరు చిన్నది కదా, డౌన్ పేమెంట్ లేని యూఎస్‌డీఏ (వ్యవసాయ శాఖ) గ్రామీణ లోను వస్తుందని ఎవరో ఒకరు చెప్తారు. వెయివర్ డాక్టర్లు హెచ్1బీ మీదే ఉంటారు, దానికి గ్రీన్ కార్డు కావాలి. ప్రభుత్వ హామీతో వచ్చే ఎఫ్‌హెచ్‌ఏ లోను కూడా 2025 మే 25 నుంచి గ్రీన్ కార్డు లేనివాళ్లకి ఆపేశారు. మిగిలింది ప్రభుత్వ హామీ లేని మామూలు (కన్వెన్షనల్) లోనో, డాక్టర్లకి బ్యాంకులిచ్చే లోన్లో. అప్రైజల్‌కి (బ్యాంకు ఇంటి విలువ కట్టించడానికి) వారాలు పడితే ఆశ్చర్యపోకండి. ఊళ్లో ఏడాదికి నాలుగైదు ఇళ్లే అమ్ముడైతే, పోల్చడానికి ముప్పై మైళ్ల అవతలి ఊళ్లకి వెళ్లాలి.

గోధుమకంకి

తూరుపుగాలి గారు అన్నదాంట్లో నిజం ఉంది. కానీ అద్దె దొరకనప్పుడు ఏం చేస్తారు? వెళ్లిపోతామన్న లెక్కతో వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లలో మేమూ ఉన్నాం.

పన్ను లెక్క కూడా రాసేస్తాను. కాన్సాస్‌లో కౌంటీ కట్టిన విలువలో 11.5 శాతం మీదే పన్ను. 1,40,000కి 16,100 అవుతుంది. ఊరి మిల్ రేటు (ఆ మొత్తంలో ప్రతి వెయ్యి డాలర్లకి కట్టే పన్ను) 160 అనుకుంటే ఏడాదికి దాదాపు 2,576 డాలర్లు. చిన్న ఊళ్లలో ఆ రేటు ఎక్కువే ఉంటుంది, పంచుకునేవాళ్లు తక్కువ కదా. సగం డిసెంబర్ 20లోపు, సగం మే 10లోపు కట్టాలి.

వేపపువ్వు

ఇల్లు సరే, ఉండటం గురించి ఎవరూ రాయలేదు. మేం వచ్చి తొమ్మిదేళ్లయింది. మొదటి చలికాలం నేను చాలా ఏడ్చాను. సరుకులకి నలభై మైళ్లు, గాలి ఆగదు, ఎటు చూసినా కోసేసిన చేలే. అప్పట్లో ఎదురొచ్చే ప్రతి పికప్పులోనూ స్టీరింగ్ మీద నుంచి ఒక వేలు పైకి లేచేది. అది పలకరింపని నాకు నెల దాకా తెలియలేదు. తిరిగి వేలెత్తడం మొదలుపెట్టాక దుకాణంలో పేరుపెట్టి పిలవడం మొదలైంది. ఎవరెవరికి చెప్పారో, ఎలా తెలిసిందో!

ఇంకొకటి. మీ ఇంటిని చాలా ఏళ్లు మీ ఇల్లనరు, పాత యజమాని పేరుతోనే అంటారు. బాధపడకండి. ఆ పేరు చెప్తేనే ప్లంబర్ చిరునామా అడక్కుండా వస్తాడు. ఆ ప్లంబర్ కౌంటీ మొత్తానికి ఒక్కడే, ఆయనతో మంచిగా ఉండండి. శుక్రవారం రాత్రి హైస్కూల్ ఫుట్‌బాల్‌కి వెళ్లండి, ఆట అర్థం కాకపోయినా సరే. నాకు తొలి స్నేహితులు ఆ మైదానం గట్టు మీదే దొరికారు.

రైలు పట్టాలు ఎంత దూరమో కూడా చూసుకోండి. రోడ్డు దాటే ముందు పదిహేను, ఇరవై సెకన్లు హారన్ మోగించి తీరాలి, రాత్రి రెండింటికైనా సరే. ధాన్యం ఎలివేటర్ (ధాన్యం నిల్వచేసే పెద్ద గోదాము) దగ్గరైతే జూన్ గోధుమ కోతలప్పుడు దుమ్ము, మొక్కజొన్న ఆరబెట్టే రోజుల్లో రాత్రంతా ఫ్యాన్ల రొద. ఆస్తమా ఉన్న పిల్లలతో ఉన్నాం కాబట్టి మాకు ఇదే పెద్ద సంగతి అయింది.

కొత్తచిగురు

అందరికీ దండాలు. ఇంజనీర్ వచ్చి చూశారు. తెల్లరంగు గోడకి ఆయన ఆరడుగుల బద్ద ఆనించగానే నాకే కనిపించింది. అంగుళన్నర లోపలికి వంగింది. బయటికి వెళ్తే, గోధుమకంకి గారూ, అచ్చం మీరన్నట్టే! గట్టర్ గొట్టం ఆ గోడ మూలనే వదులుతోంది. అమ్మేవాళ్లు పెద్దావిడ, అబద్ధమాడలేదు. రంగు కొడుకు వేశాడని, పగులు సంగతి అతనికే తెలుసని చెప్పింది. కెమెరా పెడితే వేర్లూ ఉన్నాయి. రెండూ లెక్కలోకి తీసుకుని ధర 1,18,000కి దించారు. దూలాలు క్లోజింగ్‌కి (ఇల్లు మా పేరు మీదకి మారే రోజుకి) ముందే పెట్టించే ఒప్పందం. ఉండేది మూడేళ్లా, ముప్పయ్యేళ్లా తెలియదు గానీ కొంటున్నాం.

ఒక్క సందేహం. టోర్నడో సైరన్ మోగితే ఆ బేస్‌మెంట్‌లో ఎక్కడ కూర్చోవాలి? ఆ గోడ దగ్గరైతే నాకు మనసొప్పదు.

వేపపువ్వు

మెట్ల కింద. కిటికీలకి దూరంగా, పైన ఫ్రిజ్ లాంటి బరువులు లేని చోట. ఆ జాగాలో సామాన్లు నింపొద్దు. అందరికీ బూట్లు, పిల్లల సైకిల్ హెల్మెట్లు, టార్చి, రేడియో అక్కడే ఉంచండి. 2007 మే 4న కాన్సాస్‌లోని గ్రీన్స్‌బర్గ్ ఊరిని తుడిచిపెట్టిన టోర్నడో రాత్రి పది కావస్తుండగా వచ్చింది, కరెంటు ఉంటుందని అనుకోవద్దు. ఊళ్లో సైరన్ పరీక్ష ఏ రోజు, ఏ గంటకో మొదటివారంలోనే అడిగి తెలుసుకోండి. లేకపోతే మొదటిసారి మోగినప్పుడు మీరూ పిల్లలూ హడలిపోతారు.