మైదానంలో నిలబడనివారికి ఆల్బమ్ మీద తీర్పు చెప్పే హక్కు ఉందా?

పెన్న ఒడ్డు, అనంతపురం

గత వారం మెటల్ బృందం మెటాలికా ఆల్బమ్ '72 సీజన్స్' గురించి మాట్లాడుకుంటున్నప్పుడు ఒక మిత్రుడు దాన్ని "డెబ్బయి ఏడు నిమిషాల సాగదీత" అని ఒక్క మాటతో తీసి పక్కన పెట్టారు. ఆ బృందాన్ని ఎన్నడైనా ఎదురుగా చూశారా అని అడిగితే లేదన్నారు. అప్పటి నుంచి నా మనసుకు నిలకడ లేదు. మెటల్ సంగీతాన్ని, అంటే గిటార్లు, డ్రమ్ములతో హోరెత్తే ఆ రాక్‌ను, వేదిక ముందు నిలబడి ఒక్కసారైనా ఒంటితో వినని మనిషి ఆల్బమ్ మీద తుది తీర్పు చెప్పవచ్చా? చెప్పకూడదనే నేను అంటాను. ఎందుకో చెబుతాను.

2006లో ఐరన్ మెయిడెన్ అనే మరో మెటల్ బృందం ఆల్బమ్ 'ఎ మ్యాటర్ ఆఫ్ లైఫ్ అండ్ డెత్' వచ్చింది. పది పాటలు, దాదాపు 72 నిమిషాలు. మిత్రుడి గదిలో కంప్యూటర్ పక్కన పెట్టుకునే చిన్న స్పీకర్లలో విని, వీళ్ల పని అయిపోయిందని నేనే నలుగురి ముందు ప్రకటించాను. మరుసటి ఏడాది మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కు వాళ్లు వచ్చారు. అనంతపురం నుంచి ముగ్గురం పొద్దున్నే బస్సెక్కాం. ఆ సాయంత్రం, నేను పనికిరాదన్న ఆల్బమ్‌లోని పాటలు కొన్ని వాయించారు. లావు స్వరాల బేస్ గిటార్ అందుకోగానే పక్కటెముకలు కదిలాయి. గదిలో సాగదీతగా తోచిన చోటే అక్కడ ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. తిరుగు ప్రయాణంలో హిందూపురం దాటేదాకా మా ముగ్గురిలో ఎవరూ మాట్లాడలేదు. 2011 అక్టోబర్ 30న మెటాలికా అదే మైదానానికి వచ్చినప్పుడు కూడా వెళ్లాను. ఆ రెండు సాయంత్రాలు నాకు వినడం నేర్పాయి. అవి లేకుండా నేను చెప్పిన పాత తీర్పులన్నీ తప్పులే.

పాలకొండ, కడప

అన్నా, ఆ "సాగదీత" అన్న మాట నాది కాదు. కానీ మీరు వేసిన ప్రశ్న నేరుగా నాకే తగిలింది కాబట్టి జవాబు చెబుతున్నాను. పదిహేనేళ్లుగా మెటల్ వింటున్నాను. ఒక్క ప్రదర్శనా చూడలేదు.

ఎందుకు చూడలేదో మీరు ఊహించగలరు. రాత్రి పది తర్వాత బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు మోగకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. కాబట్టి పదికి కార్యక్రమం ముగుస్తుంది. అప్పుడు ఊరి అంచున ఉన్న మైదానం నుంచి బస్టాండుకు చేరి, కడప బస్సు పట్టుకుని, తెల్లవారుజామున ఇంటి తలుపు తట్టాలి. మీ ముగ్గురూ ఎవరి అనుమతీ అడగకుండా బస్సెక్కారు. నాకు ఆ ఒక్క రాత్రి కోసం ఇంట్లో ఎన్ని సంజాయిషీలు చెప్పుకోవాలో! వినే హక్కును మైదానానికి ముడిపెడితే నాలాంటివాళ్లందరూ గుమ్మం బయటే ఉండిపోతారు.

ఇది జాలి కోసం చెప్పిన మాట కాదు. నా వాదన వేరే ఉంది. '72 సీజన్స్'ను నేను హెడ్‌ఫోన్లతో పూర్తిగా ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పన్నెండు పాటల్లో మధ్యలో మూడు ఒకే వేగంతో, ఒకే ముఖంతో వస్తాయి. అక్కడ నాకూ విసుగే. కానీ చివరి పాట పదకొండు నిమిషాలకు పైగా ఉన్నా ఒక్క క్షణం ఎక్కువనిపించలేదు. మధ్యలో అన్నీ సద్దుమణిగి బేస్ ఒక్కటే మిగిలే చోటు ఒకటి ఉంది. ఆ బేస్ నడిచే తీరును, తీగ మీద వేలు ఒరిగే చప్పుడుతో సహా, వేల మంది కేకల మధ్య మీరు వినగలరా? ఆల్బమ్ అనేది ప్రదర్శనకు ముందు పంపే ఆహ్వాన పత్రిక కాదన్నా. అదే ఒక పూర్తి వస్తువు.

ఇంకొకటి. ఐరన్ మెయిడెన్ 2025లో మొదలుపెట్టిన పర్యటనలో తొలి తొమ్మిది ఆల్బమ్‌ల పాటలే వాయిస్తున్నారు, అంటే 1992 దాకా వచ్చినవే. 2021లో వచ్చిన 'సెంజుట్సు' నుంచి ఒక్కటీ లేదు. మీ నియమం ప్రకారం ఇప్పుడు కొత్తగా మైదానానికి వెళ్లేవాడికి ఆ ఆల్బమ్ గురించి నోరు విప్పడానికి ఏ ఆధారం ఉంది?

బురుజు నీడ, కర్నూలు

ఇరవై ఏళ్లుగా మైక్ సెట్ నడుపుతున్నాను. పెళ్లిళ్లు, జాతరలు, వినాయక చవితి పందిళ్లు, రాజకీయ సభలు, అన్నీ చేశాను. మెటల్ నా ఇష్టం, శబ్దం నా వృత్తి. ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. మైదానంలో వినడం అంటే ఏ మైదానంలో? ఎక్కడ నిలబడి?

శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు నడుస్తుంది. వేదికకు వంద మీటర్ల వెనక నిలబడ్డవారికి డ్రమ్మర్ చేయి కిందికి దిగిన తర్వాత సుమారు 0.3 సెకన్లకు దెబ్బ వినిపిస్తుంది. అందుకే పెద్ద ప్రదర్శనల్లో మైదానం మధ్యలో ఇంకో వరుస స్పీకర్లు నిలబెట్టి, వేదిక శబ్దం అక్కడికి చేరడానికి పట్టేంత సమయం వాటి శబ్దాన్ని ఆలస్యం చేసి వదులుతారు. ఆ లెక్క కొంచెం తప్పినా ప్రతి దెబ్బా రెండుసార్లు వినిపిస్తుంది. పైగా గాలిలో సన్నని శబ్దాలు త్వరగా అరిగిపోతాయి. లావు శబ్దాలు చాలా దూరం వెళతాయి. గాలి అడ్డంగా వీచిందంటే గిటార్ ఒక క్షణం ఉంటుంది, మరుక్షణం ఉండదు. వెనక నిలబడ్డవాడు విన్నది కాలితో కొట్టే డ్రమ్ము, కొంత బేస్, జనం గొంతు. దాన్ని పట్టుకుని "నేను ఆ బృందాన్ని విన్నాను" అంటే నేను ఒప్పుకోను.

కిందటి వినాయక చవితికి ముందు మా కొత్త స్పీకర్ పెట్టెల్ని పరీక్షించడానికి ఊరి బయట బీడులో '72 సీజన్స్' పెట్టాను. అరవై అడుగులు వెనక్కి నడిచేసరికి గిటార్ పలచబడింది. నూటయాభై అడుగుల దగ్గర కాలి డ్రమ్ము ఒక్కటే ఛాతీ మీద కొడుతోంది. కడప చెల్లెలు చెప్పిన ఆ వేలి చప్పుడు పెట్టెకు ఆనుకుని నిలబడినా దొరకలేదు.

అలాగని ఆల్బమ్ ఎప్పుడూ నిజమే చెబుతుందనీ అనను. 2008లో వచ్చిన మెటాలికా 'డెత్ మాగ్నెటిక్' చూడండి. తయారీలో శబ్దాన్ని ఎంత పైకి నెట్టారంటే శబ్దపు అలల తలలు తెగిపోయాయి, డ్రమ్ములు పగిలిన కుండల్లా మోగాయి. అవే పాటలు గిటార్ హీరో అనే వీడియో ఆటలో శుభ్రంగా వినిపించాయని అభిమానులే పట్టుకున్నారు. ఆ డిస్కును బట్టి ఆ పాటల్ని తోసిపుచ్చినవారు పాటలకు అన్యాయం చేశారు.

రెండు కర్రలు, అనంతపురం

నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. డ్రమ్స్ మా చర్చిలో నేర్చుకున్నాను. ఆదివారం ఆరాధనలో వాయించే సెట్టు మీదే, తలుపులు వేసుకుని, వారం మధ్యలో మెటల్ సాధన చేసుకోవడానికి పాస్టరు గారు ఒప్పుకున్నారు. ఆయన ఎంత పెద్ద మనసుతో ఒప్పుకున్నారో ఇక్కడ చెప్పకుండా ఉండలేను.

నా అనుభవం రెండు వైపులా ఉంది. నేర్చుకోవడం అంతా ఆల్బమ్ నుంచే. ఫోనులో పాటను సగం వేగానికి తగ్గించి, ఒక్కో దెబ్బనూ విడదీసి రాసుకుంటాను. ఏ మైదానమూ నాకోసం నెమ్మదించదు. ఈ విషయంలో అక్క పక్షం.

కానీ చెవి మోసం చేసిన సందర్భమూ ఉంది. ఐరన్ మెయిడెన్ డ్రమ్మర్ నికో మెక్‌బ్రెయిన్ కాలి డ్రమ్ముకు రెండు కాళ్లతో రెండు పెడళ్లు తొక్కుతాడని ఆల్బమ్‌లు విని నమ్మాను. నేనూ అలాగే సాధన చేశాను. తర్వాత ఒక ప్రదర్శన వీడియోలో ఆయన కాలిని దగ్గరగా చూశాను. ఒక్కటే కాలు, ఒక్కటే పెడల్! అంత వేగం ఒక్క పాదం నుంచి వస్తోంది. ఆ రోజు నా సాధన మొత్తం మొదటి నుంచి మొదలైంది. 2024 డిసెంబర్‌లో ఆయన పర్యటనల నుంచి తప్పుకున్నారు. అంతకు ముందు ఏడాది పక్షవాతం వచ్చినా కోలుకుని మళ్లీ వేదికెక్కిన మనిషి. ఇక ఆ కాలిని ఎదురుగా చూసే అవకాశం నాకు రాదు. చూడడంలో నేర్చుకునేది ఉందని పెన్న ఒడ్డు అన్న అంటే, ఆ ఒక్క ముక్కకు నేను సాక్షిని.

హంద్రీ, కర్నూలు

అందరూ ముసలి బృందాల చుట్టూనే తిరుగుతున్నారు. ఢిల్లీ నుంచి బ్లడీవుడ్ డోలు పెట్టి 2025లో 'నూ ఢిల్లీ' తెచ్చింది. బెంగళూరులో 1998 నుంచి ఉన్న క్రిప్టోస్ 2024లో 'డెసిమేటర్' ఇచ్చింది. ఇవి బెంగళూరు వెళితే చిన్న హాలులో, చేయి చాస్తే తగిలేంత దగ్గరలో చూడగలిగే సంగీతం. ఒక మహా మైదానం కోసం పదేళ్లు ఎదురుచూసేవారు ఈ ఆల్బమ్‌లను ఒక్కసారైనా విన్నారా?

పెన్న ఒడ్డు, అనంతపురం

విన్నాను. డోలు సంగతి మీరే ఎత్తారు కాబట్టి చెబుతాను. మా జిల్లాలో ఉరుము అనే వాద్యం కొడుతూ ఆడే ఉరుముల నృత్యం ఉంది. చిన్నప్పుడు జాతరలో మా నాన్న భుజం మీద కూర్చుని ఆ వాద్యం విన్నాను. అది చెవిని చేరేలోపే పొట్టలో దిగుతుంది. మెటల్ నాకు మొదటి రోజు నుంచే పరాయి సంగీతం అనిపించకపోవడానికి ఆ ఉరుమే కారణమని గట్టిగా నమ్ముతాను. దాన్ని రికార్డు చేసి ఇంట్లో వింటే ఏం మిగులుతుంది? ఒక తప్పెట చప్పుడు! ఒంటిని తాకాల్సిన సంగీతాన్ని చెవి ఒక్కదానితో తూచకూడదన్నదే నా పట్టుదల. బురుజు నీడ గారూ, మీరు చెప్పిన లెక్కలన్నీ నిజమే. 2011లో నేను బాగా వెనకే ఉన్నాను, గిటార్ వచ్చిపోతూనే ఉంది. అయినా ఆ సాయంత్రం అబద్ధమని ఎవరన్నా ఒప్పుకోను.

పాలకొండ, కడప

అబద్ధమని నేను అనలేదు. మీకు దక్కిన దాన్ని నేనెందుకు తగ్గిస్తాను?

2025 జూలై 5న బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్కులో బ్లాక్ సబ్బాత్ బృందం చివరిసారి వాయించింది. వాళ్లు పెరిగిన ఆస్టన్‌లోనే. తొలి నలుగురూ ఒకే వేదిక మీద. గాయకుడు ఓజీ ఆస్బోర్న్ నిలబడలేక సింహాసనంలాంటి కుర్చీలో కూర్చుని పాడారు. నేను మా ఇంటి మేడ మీద, దోమల మధ్య, తెల్లవారుజామున ఫోనులో చూశాను. కుర్చీలోంచి లేవాలని ఆయన చేతులు ఆనించి చేసిన ప్రయత్నం చూసి ఏడ్చాను. పదిహేడు రోజులకే, జూలై 22న, ఆయన పోయారు. ఆ రాత్రి నా ఒంటికి ఏమీ తగల్లేదంటారా? నా చేతిలో ఉన్నది అరచేతిలో పట్టేంత ఫోను. బేస్ అసలు లేదు. అయినా అది నాకు జరిగింది.

మీరు "హక్కు" అన్న మాట వాడారు. అది మాత్రం వెనక్కి తీసుకోండి.

పెన్న ఒడ్డు, అనంతపురం

తీసుకుంటున్నాను. మీరు ఆ మేడ సంగతి చెప్పకముందే తీసుకోవాల్సింది. హక్కు అన్న మాట తప్పు. ఆల్బమ్‌ను పూర్తిగా, మీలా పదేపదే విన్నవారి తీర్పు మైదానంలో ఒక్కసారి ఊగిపోయిన నా తీర్పు కన్నా లోతుగా ఉండవచ్చు. చిన్న స్పీకర్లలో ఒకసారి విని ప్రకటన చేసిన 2006 నాటి నా తప్పు మైదానం చూడకపోవడం కాదు, సరిగ్గా వినకపోవడమేనేమోనని ఇప్పుడు అనిపిస్తోంది. నిన్న రాత్రి హెడ్‌ఫోన్లు పెట్టుకుని మీరు చెప్పిన ఆ చివరి పాట విన్నాను. ఆ బేస్ దగ్గర ఆగిపోయాను. వేలు ఒరిగే చప్పుడు ఉంది. నేను ఇన్నాళ్లూ వినలేదు.

కానీ మీరు ఆ పాటను ఒక్కసారైనా ఒంటితో వినాలన్న కోరికను మాత్రం వదులుకోను.

బురుజు నీడ, కర్నూలు

అయితే ఒక పని చేద్దాం. రెండో ఆదివారం నాకు పెళ్లి లేదు. అదే బీడులో పగటిపూట పెట్టెలు దించుతాను, గ్రామ పెద్దలతో మాట్లాడాను. శబ్దాన్ని ఎంత తీయాలో అంతే తీస్తాను, చెవులు చెడగొట్టను. శబ్దాల పాళ్లు సరిచేసే మిక్సింగ్ బల్ల పక్కన కుర్చీలు వేస్తాను. మైదానంలో సరిగ్గా వినిపించే చోటు అదొక్కటే, ఎక్కడ ఏ ప్రదర్శనకు వెళ్లినా ఆ బల్ల వెనకే నిలబడండి. సాయంత్రం నాలుగుకు ముగించేస్తాం. కడప బస్సు చీకటి పడకముందే దొరుకుతుంది. అనంతపురం తమ్ముడు కర్రలు తెచ్చుకుంటే నా దగ్గర ఒక పాత డ్రమ్ముల సెట్టు కూడా ఉంది.

రెండు కర్రలు, అనంతపురం

పెడల్ కూడా తెస్తాను. ఒక్కటే.

పాలకొండ, కడప

మా తమ్ముణ్ని తీసుకుని పొద్దున బస్సుకు వస్తున్నాను. ఇంట్లో చెప్పేశాను. హెడ్‌ఫోన్లు కూడా తెస్తాను, పెన్న ఒడ్డు అన్న కోసం. ఆ చివరి పాట మొదట పెట్టండి.