స్మార్ట్‌ఫోన్ లేని నాన్నగారి ఖాతా నుంచి వేలిముద్రతో డబ్బు పోయింది: ఇప్పుడేం చేయాలి?

గుండ్లకమ్మ ఒడ్డు (ప్రశ్న):

మా నాన్నగారు ప్రకాశం జిల్లాలోని మా ఊళ్లో ఉంటారు, నేను ఉద్యోగరీత్యా హైదరాబాదులో ఉంటున్నాను. ఆయన దగ్గర ఉన్నది బటన్ల ఫోను. వాట్సాప్ లేదు, ఏటీఎం కార్డు తీసుకోలేదు, యూపీఐ గురించి విన్నారే తప్ప ఎన్నడూ వాడలేదు. ఈ రోజు సోమవారం పాస్‌బుక్కులో పద్దులు వేయించుకోవడానికి బ్యాంకుకు వెళ్తే, శనివారం ఒకే పూట 10,000 రూపాయల చొప్పున రెండుసార్లు డబ్బు తీసినట్టు ఉంది. ఆ రెండు పద్దుల పక్కనా ఏఈపీఎస్ (ఆధార్ సంఖ్య, వేలిముద్రతో డబ్బు తీసే పద్ధతి) అనే అక్షరాలు ఉన్నాయి. శనివారమంతా ఆయన పొలంలోనే ఉన్నారు. ఫోనుకు బ్యాంకు నుంచి సందేశాలు వచ్చాయి గానీ, ఇంగ్లిషులో ఉండటంతో ఏవో ప్రకటనలనుకుని వదిలేశారట. కౌంటరులో ఉన్నాయన మాత్రం "వేలిముద్ర పడింది కదా, మీరే తీసుకుని మరిచిపోయి ఉంటారు" అని చెప్పి పంపించేశారు.

ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని, తెలియని లింకులు నొక్కవద్దని ఇంట్లో అందరికీ ఇన్నాళ్లూ చెబుతూ వచ్చాను. ఇంటర్నెట్ జోలికే వెళ్లని మనిషికి ఈ నష్టం ఎలా జరిగిందో అర్థం కావడం లేదు. నిరుడు కొంత పొలం అమ్మినప్పుడు రిజిస్ట్రేషను జరిగింది, ఆధార్ నకళ్లు కూడా చాలాచోట్ల ఇచ్చారు. డబ్బు తిరిగి వస్తుందా? ఖాతా నుంచి ఆధార్‌ను తీసేయించడం మంచిదా?

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:

ముందు చేయవలసింది చెబుతాను, కారణాలు తర్వాత చూద్దాం. ఈ రాత్రే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లోనూ నమోదు చేసి ఆ రసీదు సంఖ్య రాసి పెట్టుకోండి. రేపు ఉదయం నాన్నగారి సంతకంతో బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి. నోటిమాటను నమ్ముకుని వెనక్కి రాకండి.

తొందర ఎందుకంటే, రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, ఖాతాదారు తప్పుగానీ బ్యాంకు తప్పుగానీ లేకుండా మూడో వ్యక్తి వల్ల డబ్బు పోయినప్పుడు, బ్యాంకు సందేశం అందిన మూడు పనిదినాల లోపు తెలియజేస్తే ఖాతాదారు మీద భారం ఏమీ పడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య తెలియజేస్తే సాధారణ సేవింగ్స్ ఖాతాలో ఒక్కో లావాదేవీకి 10,000 రూపాయల దాకా ఖాతాదారే భరించవలసి వస్తుంది. మీ నాన్నగారి విషయంలో పోయినవి సరిగ్గా 10,000 రూపాయల లావాదేవీలే కాబట్టి, గడువు దాటితే మొత్తం నష్టం ఆయన నెత్తినే పడుతుంది. సందేశం వచ్చిన రోజును లెక్కలోకి తీసుకోరు గనుక బుధవారం దాకా సమయం ఉంది, కానీ అంతదాకా ఆగకండి. తెలియజేసిన 10 పనిదినాల లోపు బ్యాంకు ఆ మొత్తాన్ని ఖాతాలో తాత్కాలికంగా జమ చేయాలి, 90 రోజుల లోపు ఫిర్యాదును తేల్చాలి.

"మీరే తీసి ఉంటారు" అన్న మాటకు కూడా అదే సర్క్యులర్‌లో జవాబుంది. ఖాతాదారుదే బాధ్యత అని నిరూపించవలసింది బ్యాంకే. 30 రోజుల్లో సరైన సమాధానం రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే అధికారికి) ఫిర్యాదు చేయవచ్చు. మీ లేఖలో ఒక్క వాక్యం తప్పక చేర్చండి: ఆ రెండు లావాదేవీలు ఏ మైక్రో ఏటీఎం (వేలిముద్ర తీసుకుని నగదు ఇచ్చే ఏజెంటు దగ్గరి చిన్న యంత్రం) మీద, ఏ ఏజెంటు ఐడీతో జరిగాయో తెలియజేయమని అడగండి. ఇలా తీసిన డబ్బు అక్కడికక్కడే నగదుగా మారుతుంది కాబట్టి ఖాతాలను స్తంభింపజేసి పట్టుకోవడం కష్టం. పోలీసులకు మిగిలే ఆధారం ఆ ఏజెంటు వివరాలే.

ఊరి బ్యాంక్ మిత్ర:

నేను మండలంలో బ్యాంకు కస్టమర్ సర్వీసు పాయింటు నడుపుతాను. మా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది పింఛనుదారులు, ఉపాధి హామీ కూలీలు. పూర్వం డబ్బు తీసుకోవాలంటే ఆటో ఎక్కి పట్నం వెళ్లి, సగం రోజు వరుసలో నిలబడి, ఫారం నింపిపెట్టమని ఎవరినో ఒకరిని బతిమాలవలసి వచ్చేది. ఇప్పుడు ఆధార్ సంఖ్య, బ్యాంకు పేరు చెప్పి స్కానరు మీద వేలు పెడితే నగదు చేతికి వస్తుంది. చదువురాని మనిషికి ఇది చిన్న సౌకర్యం కాదు. కార్డు, పిన్ను, ఓటీపీ ఏవీ అవసరం లేకపోవడమే దీని బలం, మోసగాడికి పనికివచ్చేదీ అదే.

మీ నాన్నగారు ఎప్పుడైనా ఇలాంటి కేంద్రంలో డబ్బు తీసుకున్నారేమో కనుక్కోండి. మా వృత్తిలోనే కొందరు చేసే పాడుపని ఒకటుంది. మొదటి వేలిముద్రకే డబ్బు వచ్చేసినా, "వేలు సరిగా పడలేదు, తుడిచి మళ్లీ పెట్టండి" అంటారు. రెండో ముద్రతో మరోసారి డబ్బు తీసి, అది తమ దగ్గరే ఉంచుకుంటారు. వ్యవసాయం చేసేవారి వేళ్లు అరిగిపోయి ఉంటాయి, నిజంగానే చాలాసార్లు ముద్ర పడదు. అందువల్ల ఎవరికీ అనుమానం రాదు. విఫలమైన లావాదేవీకి కూడా చీటీ ఇమ్మని అడగవచ్చు. అది చూపించనిదే రెండోసారి వేలు పెట్టవద్దని పెద్దలకు చెప్పండి.

మానేరు:

ఇంత గందరగోళం ఎందుకండీ? ఆధార్ లింకు తీయించేసి, ఆయన్ను పాస్‌బుక్కుకే పరిమితం చేయండి. మా ఇంట్లో పెద్దవాళ్లకు అలాగే చేశాను.

తాళంచెవి:

మానేరు గారి సలహాతో ఏకీభవించలేను. ఆధార్ అనుసంధానం తీసేస్తే ప్రభుత్వం నేరుగా జమ చేసే డబ్బు ఆగిపోయే ప్రమాదముంది, పైగా ఇప్పటికే బయటికి పోయిన వేలిముద్ర వెనక్కి రాదు. పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు, వేలిని మార్చుకోలేము కదా.

ముద్ర ఎలా బయటికి పోతుందన్నది ఊహ కాదు. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యక్తి, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో అందరికీ అందుబాటులో ఉన్న దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసుకుని, వాటితో నకిలీ ముద్రలు తయారు చేసి, వేరేవాళ్ల పేర్ల మీద సిమ్‌లు యాక్టివేట్ చేసి పట్టుబడ్డాడు. తర్వాతి కాలంలో అదే పద్ధతిని దొంగలు ఏఈపీఎస్‌కు వాడుకున్నారు. దస్తావేజులో ముద్ర, ఆధార్ సంఖ్య ఒకేచోట దొరికితే వాళ్లకు ఇక కావలసింది బ్యాంకు పేరు ఒక్కటే. దస్తావేజులు ఆన్‌లైనులో చూసుకునే వీలు వల్ల సబ్‌రిజిస్ట్రారు కార్యాలయం చుట్టూ తిరిగే బాధ తప్పిన మాట నిజమే గానీ, కొనేవాడికి కావలసింది ఆస్తి వివరాలు, అమ్మినవాడి బొటనవేలు కాదు. వేలిముద్రలున్న పేజీని అప్పట్లో కప్పకుండా పెట్టడం నా దృష్టిలో క్షమించరానిది.

ఇక చేయవలసింది బయోమెట్రిక్ లాక్, అంటే ఆధార్‌లో ఆయన వేలిముద్ర ఎక్కడా పనిచేయకుండా తాళం వేయడం. మై ఆధార్ వెబ్‌సైటులో గానీ ఎంఆధార్ యాప్‌లో గానీ మీరే చేయవచ్చు. ఆధార్‌లో నమోదైన నంబరుకు ఓటీపీ వస్తుంది, దానికి బటన్ల ఫోను చాలు. అయితే ఒక చిక్కుంది. లాక్ ఉన్నంతకాలం రేషన్ దుకాణంలోనూ, ఒకటో తారీఖున ఇంటికి వచ్చే పింఛను సిబ్బంది దగ్గర కూడా ఆయన వేలిముద్ర పనిచేయదు. తాత్కాలికంగా తెరిస్తే కొద్ది నిమిషాల్లో మళ్లీ దానంతటదే మూసుకుంటుంది కాబట్టి, ఆయన దుకాణం దగ్గరకు చేరి ఫోన్ చేసినప్పుడు మీరు హైదరాబాదు నుంచి తెరవవచ్చు. ఇది వీలుకాదనుకుంటే, ఈ ఖాతాలో ఏఈపీఎస్ నగదు ఉపసంహరణను మాత్రమే ఆపమని బ్యాంకును రాతపూర్వకంగా కోరండి, పొలం అమ్మిన డబ్బును ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోకి మార్చండి.

అదే వెబ్‌సైటులో గత ఆరు నెలల అథెంటికేషన్ హిస్టరీ కూడా ఉంటుంది. ఏ రోజు, ఏ సమయానికి, ఏ సంస్థ ద్వారా ఆయన వేలిముద్రను సరిచూశారో అందులో తెలుస్తుంది. శనివారం నాటి వరుసల ప్రింటు తీసి ఫిర్యాదుకు జతచేయండి.

గుండ్లకమ్మ ఒడ్డు:

అందరికీ ధన్యవాదాలు. 1930లో ఫిర్యాదు నమోదైంది. నాన్నగారి ఫోనుకు వచ్చిన ఓటీపీని మా చెల్లెలు చదివి చెప్పగా హిస్టరీ తెరిచాను. శనివారం రెండు వరుసలూ ఉన్నాయి, మధ్య తేడా మూడు నిమిషాలే. ఆయన ఈ మధ్యకాలంలో ఏ కేంద్రానికీ వెళ్లలేదట, కాబట్టి బ్యాంక్ మిత్ర గారు చెప్పిన రెండో ముద్ర మోసం కాదనుకుంటున్నాను. వెంటనే లాక్ చేశాను. పొలం అమ్మకంలో మా అమ్మ కూడా వేలిముద్ర వేసింది. ఆమె ఆధార్‌కు ఏ ఫోన్ నంబరూ నమోదై లేదు. ఆమెకు లాక్ ఎలా చేయాలి?

తాళంచెవి:

నంబరు లేకుండా ఇంటి నుంచి లాక్ చేయడం కుదరదు. అమ్మగారిని ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లి ముందు నంబరు నమోదు చేయించండి. ఆమె చేతిలో ఎప్పుడూ ఉండే నంబరే ఇవ్వండి, మీది ఇవ్వకండి. అది పూర్తయ్యేలోగా, రేపు నాన్నగారు ఫిర్యాదు ఇచ్చేటప్పుడే అమ్మగారి ఖాతాలో కూడా ఏఈపీఎస్ ఆపమని వేరే లేఖ ఇప్పించండి.