పట్టీ లాగితే తల ఊపే గంగిరెద్దు కార్డు: కదిలే భాగాలు ఇరుక్కోకుండా చేయడం ఎలా?

ప్రశ్న (కాగితంపువ్వు):

సంక్రాంతికి ఊళ్లో ఉన్న మా మేనత్తగారికి చేతితో చేసిన గ్రీటింగ్ కార్డు పంపాలనుకుంటున్నాను. ఏ4 షీటును సగానికి మడిచిన కార్డు లోపల కుడి పేజీలో గంగిరెద్దు, ఎడమ పేజీలో డాబా మీద నిలబడిన పిల్లవాడు, పైన గాలిపటం ఉంటాయి. పక్కనున్న పట్టీని లాగితే గంగిరెద్దు తల ఊపాలి, గాలిపటం పైకి లేవాలి. చార్ట్ పేపరుతో గంగిరెద్దు నమూనా ఒకటి చేసి చూశాను. మొదట్లో బాగానే కదిలినా, కాసేపటికే పట్టీ మధ్యలో వంగిపోతోంది, కాస్త గట్టిగా లాగితే ఊడి చేతికి వస్తోంది. పైకి లేచిన తల మళ్లీ దిగడం లేదు. పైగా మెడ దగ్గర వాడిన ఇత్తడి స్ప్లిట్ పిన్ను ఎబ్బెట్టుగా కనిపిస్తోంది. గాలిపటం సంగతి ఇంకా మొదలుపెట్టలేదు. అనుభవమున్నవారు సలహా ఇవ్వగలరా?

జవాబు (అట్టముక్క):

మీరు చెప్పిన ఇబ్బందులకు కారణాలు వేర్వేరు. పట్టీ వంగడానికి కారణం కాగితం పలచన కావడం ఒక్కటే కాదు. మిల్లులో కాగితం తయారయ్యేటప్పుడు అందులోని పోగులు ఎక్కువగా ఒకే దిశలో పరుచుకుంటాయి కాబట్టి, ఆ దిశలో పొడవుగా కోసిన పట్టీ బిర్రుగా నిలుస్తుంది, అడ్డంగా కోసినది చేతిలోనే వాలిపోతుంది. షీటును మడత పడకుండా నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మెల్లగా వంచి చూడండి. ఎటు తేలిగ్గా వంగిందో, అటు మడిస్తే పడే మడత గీతకు సమాంతరంగా పోగులు ఉన్నట్టు. కార్డు మడత, పట్టీ పొడవు రెండూ పోగుల వెంటే రావాలి. కార్డుకు 250 నుంచి 300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) షీటు సరిపోతుంది; పట్టీకి మాత్రం ఇంట్లో మూలపడి ఉన్న పాత శుభలేఖ అట్టను మించినది లేదని నా అభిప్రాయం.

పట్టీ ఊడిరాకుండా ఉండాలంటే దాని లోపలి కొసను కాస్త వెడల్పుగా వదిలి, పట్టీ నడిచే దారిలో రెండు సన్నని కాగితపు వంతెనలు అతికించాలి. పట్టీ వాటి కిందుగా జారుతుంది, వెడల్పాటి కొస వంతెన దగ్గర ఆగిపోతుంది. పట్టీకి ఇరువైపులా అర మిల్లీమీటరు ఖాళీ చాలు. వంతెనల కొసలకు డబుల్ సైడ్ టేప్ వాడండి. ఫెవికాల్ తడికి కాగితం ఉబ్బి అలలు తేలుతుంది, అంచుల నుంచి కారితే పట్టీ కూడా అంటుకుపోతుంది.

తల దిగకపోవడానికి కారణం వేరు. పట్టీ తిన్నగా నడుస్తుంది, తల మాత్రం మెడ దగ్గరి ఇరుసు చుట్టూ తిరుగుతుంది. ఈ రెండు కదలికలూ కలిసే చోట గుండ్రటి రంధ్రం పెడితే ఎక్కడో ఒకచోట పట్టేయక తప్పదు. తల ముక్కకు ఇరుసు దాటి కిందికి ఒక కాడ వదిలి, ఆ కాడలో పొడవు వెంట చిన్న గాడి కోయండి. పట్టీ మీద మేకులా నిలబెట్టిన చిన్న ముక్క ఆ గాడిలో మిల్లీమీటరో రెండో అటూ ఇటూ జరగగలిగితే చాలు. ఇరుసు నుంచి గాడికి ఒకటిన్నర సెంటీమీటర్లు, ఇరుసు నుంచి మూతికి 6 సెంటీమీటర్లు ఉంటే, పట్టీని 1 సెంటీమీటరు జరిపినప్పుడు మూతి 4 సెంటీమీటర్లకు కాస్త తక్కువగా కదులుతుంది. గాడిని ఇరుసుకు ఇంకా దగ్గరగా పెడితే ఊపు పెరుగుతుంది కానీ, లాగడానికి కావలసిన బలమూ పెరుగుతుంది, అంత బలానికి కాగితం ఓర్చుకోదు.

జవాబు (రంగులపెట్టె):

పై జవాబుతో ఏకీభవిస్తూ, పిన్ను గురించి మాత్రం చెబుతాను. దానికి బదులు కాగితపు బిళ్లలే ఇరుసుగా పనిచేస్తాయి. తల ముక్కలో 6 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, అందులో 5 మిల్లీమీటర్ల బిళ్లను పేజీకి అతికించండి. ఆ బిళ్ల తల ముక్క కంటే పిసరంత మందంగా ఉండాలి. దానిపైన రంధ్రం కంటే పెద్ద బిళ్లను అంటిస్తే తల ఊడిరాదు, బిగుసుకోదు. పట్టీ మీది మేకును కూడా ఇదే పద్ధతిలో చేయవచ్చు. 19వ శతాబ్దపు చివరి దశకాల్లో మ్యూనిక్‌లో కదిలే బొమ్మల పుస్తకాలు చేసిన లోథార్ మెగ్గెన్‌డార్ఫర్ ఇలాంటి కీళ్లకు సన్నటి రాగి తీగ చుట్టలు వాడి, ఒకే పట్టీతో బొమ్మలో అనేక భాగాలను ఒకేసారి కదిలించేవాడు. మన ఒక్క తలకు అంత హంగామా అవసరం లేదు.

ఈ యంత్రాంగమంతా దాచడానికి గంగిరెద్దును మించిన బొమ్మ దొరకదు. ఒంటిని వేరే ముక్కగా కోసి, ఫోమ్ టేపుపై (రెండు వైపులా అంటుకునే మందపాటి స్పాంజి టేపు) ఎత్తుగా అతికించి, దాని మీద రంగురంగుల బొంత కప్పినట్టు చిత్రిస్తే కాడ, పట్టీ, బిళ్లలు అన్నీ కిందికి వెళ్లిపోతాయి. ఫోమ్ టేపు ముక్కలు పట్టీ దారికి, కాడ తిరిగే మేరకు అడ్డు రాకుండా చూసుకోండి.

జవాబు (డాబామీద):

గాలిపటానికి పట్టీ వద్దు, దారమే చాలు. ఎడమ పేజీకి పైన ఒక రంధ్రం, పిల్లవాడి చేతి దగ్గర ఒక రంధ్రం చేయండి. గాలిపటం తలకు కట్టిన దారం పై రంధ్రంలోంచి వెనక్కి వెళ్లి, కింది అంచున బయటకు రావాలి. తోకవైపు కట్టిన దారం పిల్లవాడి చేతిలోంచి వెనక్కి వెళ్లి, అదే అంచున రావాలి. రెండు కొసలకూ వేర్వేరు రంగుల పూసలు కట్టండి. ఒక పూసను లాగితే గాలిపటం లేస్తుంది, రెండోది లాగితే దిగుతుంది. దారాలు నడిచే చోటు కోసం ఆ పేజీని కార్డు అట్టకు అంచుల వెంట ఫోమ్ టేపుతో అతికించి, కింది అంచున పూసల చోటు వదిలేయాలి. మామూలు కుట్టు దారమే వాడండి, మాంజా వద్దు. గాజుపొడి రంధ్రాల అంచులను కోసేస్తుంది.

ఇంకొక మాట. ఇలాంటి కార్డులు అలవాటు లేని పెద్దవారు చిరిగిపోతుందేమోనని పట్టీని ముట్టుకోనే ముట్టుకోరు. పట్టీ కొసను గంగిరెద్దు పగ్గంలా చిత్రించి, దాని మీద ‘లాగండి’ అని స్పష్టంగా రాయండి.

కాగితంపువ్వు:

అందరికీ ధన్యవాదాలు. శుభలేఖ అట్టతో పట్టీ మార్చి, గాడి పెట్టగానే తల సాఫీగా దిగుతోంది. పోస్టులో వెళ్లేటప్పుడు పట్టీ, పూసలు చెడిపోకుండా ఏం చేయాలి?

జవాబు (అట్టముక్క):

పట్టీని పూర్తిగా లోపలికి తోసి, పూసలను లోపలికి మడిచి, కార్డును మూశాక ఒక కాగితపు నడికట్టు చుట్టండి. మామూలు కవరు కంటే గట్టి అట్ట ఉన్న కవరు మేలు. పోస్టు ముద్ర గట్టిగా పడుతుంది కాబట్టి, స్టాంపు అతికించే మూల కింద గంగిరెద్దు తల రాకుండా కార్డును అమర్చండి.